పెరటి కోళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. దాదాపు అందరూ చివర్లో ‘ఏ మందు వాడాలి?’ అనే అడిగారు. నిజంగా మందు అవసరమైనవి వీటిలో ఒకటి రెండే. మిగతావన్నీ గూడు దగ్గర, నీళ్ళ దగ్గర, మేత దగ్గర తేలిపోయేవి. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి వేడితోనే మొదలుపెడదాం.

ప్రశ్న: డాబా మీద రేకుల షెడ్డులో ఎనిమిది పెట్టలున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. గుడ్లు తగ్గాయి. పెట్టినవి కూడా వేలితో నొక్కితే చిట్లిపోయేంత పల్చగా ఉంటున్నాయి, ఒకటి రెండు తోలుగుడ్లు కూడా వచ్చాయి. తాగే నీళ్ళలో సున్నం కలిపి పెడుతున్నా లాభం లేదు. (ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: ముందు ఆ సున్నం నీళ్ళు ఆపేయండి. ఎండాకాలంలో కోడికి కావాల్సింది తాగినన్ని మంచినీళ్ళు. రుచి మారితే తాగడం తగ్గిస్తుంది, అప్పుడు అసలుకే మోసం.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నోరు తెరిచి రొప్పాలి. అలా రొప్పేటప్పుడు రక్తంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ మోతాదు మించి బయటికి పోతుంది. గుడ్డు పెంకు అంటే కాల్షియం కార్బొనేటే. అందులో కార్బొనేట్ భాగం తయారయ్యేది ఆ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే. అంటే మీరు ఎంత కాల్షియం పెట్టినా, మధ్యాహ్నమంతా రొప్పిన పెట్ట గుడ్డుకు పెంకు పల్చగానే వస్తుంది. దానికి తోడు వేడికి మేత తగ్గుతుంది, మేతతో పాటు లోపలికి పోయే కాల్షియమూ తగ్గుతుంది. కాబట్టి ముందు వేడి సంగతి చూడాలి, కాల్షియం తర్వాత.

డాబా, దాని మీద రేకు: మన ఊళ్ళో కోళ్ళకు ఇంతకంటే కష్టమైన చోటు లేదు. పైనుంచి రేకు, కింద నుంచి స్లాబు, రెండూ కాల్తాయి. కింద పెరట్లో చెట్టు నీడ మూరెడు జాగా ఉన్నా, మే నెల వరకైనా గూడు అక్కడికి దించండి. దించడం కుదరకపోతే రేకు మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేయండి. రేకుకు అడుగు ఎత్తున కర్రలు కట్టి తాటాకో వరిగడ్డో పరచండి. ఆకును రేకుకు ఆనించి వేస్తే సగం ప్రయోజనమే, మధ్యలో గాలి ఆడాలి. నేల మీద ఊక నాలుగంగుళాలకు బదులు ఒకటిన్నర అంగుళం చాలు. మందంగా ఉంటే కుళ్ళుతూ అదే వేడి పుట్టిస్తుంది.

తడి గోనెపట్టాలు చాలామంది కడతారు. పడమర నుంచి పొడి వడగాలి కొడుతున్నప్పుడు ఆ ఒక్క పక్కే కట్టి తడపండి, బాగా పనిచేస్తుంది. గాలి స్తంభించి ఉక్కపోస్తున్నప్పుడు మాత్రం తడపకండి. చెమ్మ పెరిగితే రొప్పినా వేడి దిగదు. అప్పుడు మామూలు టేబుల్ ఫ్యానే మందు. నాలుగు వైపులా పట్టాలు కట్టి తలుపేసి ‘ఎండ తగలకుండా’ చేయడం వల్లే మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య కోళ్ళు ఎక్కువగా పోతాయి.

నీళ్ళు: మామూలు రోజుల్లో ఎనిమిది పెట్టలకు రెండు లీటర్లు, ఎండల్లో నాలుగు లీటర్లు. ప్లాస్టిక్ గిన్నెలు కాకుండా వెడల్పాటి మట్టి మూకుళ్ళు రెండు, వేర్వేరు చోట్ల, నీడలో. పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి మార్చండి. డాబా ట్యాంకు నుంచి వచ్చే మొదటి నీళ్ళు మరుగుతుంటాయి, చెయ్యి పెట్టి చూసి పట్టండి. ఉప్పు వేయని పల్చటి మజ్జిగ ఒకపూట పోయవచ్చు, కానీ పక్కన మంచినీళ్ళు ఉండాలి.

మేత తెల్లవారుజామున ఐదు, ఏడు మధ్య ఒకసారి, సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే పదినుంచి నాలుగు దాకా మేత వద్దు. ఇప్పుడు కాల్షియం. పెంకు ఏర్పడటానికి సుమారు 20 గంటలు పడుతుంది, ఎక్కువ భాగం రాత్రిపూటే. కాబట్టి షెల్ గ్రిట్‌ను, అంటే గవ్వల, ఆల్చిప్పల ముక్కలను, సాయంత్రం విడిగా ఒక చిప్పలో పెట్టండి. మెత్తటి పొడి వద్దు, జొన్నగింజంత ముక్కలైతే తెల్లారేదాకా నిదానంగా కరుగుతూ ఉంటాయి. ఎంత తినాలో పెట్టకు తెలుసు.

పడిపోయిన కోడిని ఐసు నీళ్ళలో ముంచకండి. తొడల దాకా మామూలు నీళ్ళలో నిలబెట్టి, తురాయి, తమ్మెలు తడిపి, ఫ్యాను కింద పెట్టండి. తెరిచి ఉన్న ముక్కులో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే చస్తుంది.

ప్రశ్న: మా గ్రామప్రియ రకం పెట్ట తన గుడ్డు తనే పొడుచుకు తింటోంది. దాన్ని చూసి మరొకటి నేర్చింది. గుడ్డులో కారం నింపి పెట్టమని పక్కింటివాళ్ళు చెప్పారు, అలాగే పెట్టాం. అదీ తినేసింది! (తెనాలి)

జవాబు: తినేస్తుంది మరి. మిరప మంట తెలియజేసే నరాల గ్రాహకం పక్షుల్లో కారానికి స్పందించదు. మనకు కళ్ళనీళ్ళు తెప్పించే కారం కోడికి ఉత్త పొడే. చిట్కా చెప్పినవాళ్ళు నాలిక మీద వేసుకుని చెప్పి ఉంటారు.

ఈ అలవాటు దాదాపు ఎప్పుడూ ఒక పగిలిన గుడ్డుతోనే మొదలవుతుంది. పల్చటి పెంకు, గట్టి నేల, ఒకే గంప కోసం మూడు పెట్టల తోపులాట. పగిలిన గుడ్డు రుచి చూసిన పెట్ట తర్వాత కావాలని పొడుస్తుంది. ముక్కు మీద, మెడ ముందు ఈకల మీద ఎండిన పచ్చసొన ఎవరికుందో చూసి ముందు ఆ పెట్టను వారం రోజులు వేరుగా ఉంచండి. మిగతావి మరచిపోతాయి.

నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు పెట్టె చాలు. మూడంగుళాల గడ్డి పరచండి. ముందు గోనె ముక్క వేలాడదీసి చీకటి చేయండి. కనపడని గుడ్డును కోడి పొడవదు. పెట్టలు చాలావరకు ఉదయం నుంచి మధ్యాహ్నంలోపు పెడతాయి కనుక తొమ్మిదికీ పన్నెండుకీ గుడ్లు తీయండి. పెట్టెలో గుడ్డంత గుండ్రటి తెల్లరాయి ఒకటి వదలండి. పొడిచి పొడిచి ముక్కు నొప్పెట్టి మానేస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే పెట్టె అడుగు పలకను వెనక్కి అంగుళం వాలుగా బిగించి, గోడ కింద సందు వదిలి, గుడ్డు దొర్లి బయట పడే గాడి చేయించండి. ముక్కు కోయడం గురించి అడిగారు, వద్దు.

మేత కూడా ఒకసారి చూసుకోండి. నూకలు, తవుడే వేస్తుంటే మాంసకృత్తులు చాలవు. ఇంట్లో కలుపుకునే పది కిలోల లెక్క ఇది: మొక్కజొన్న నూక 5 కిలోలు (బియ్యం నూకలు సగం కలుపుకోవచ్చు), తాజా తవుడు కిలోన్నర, సోయా చెక్క 2 కిలోలు, ఉప్పు లేని ఎండుచేప పొడి అరకిలో, షెల్ గ్రిట్ 800 గ్రాములు, మినరల్ మిక్చర్ 200 గ్రాములు, పైన ఉప్పు 25 గ్రాములు. పూర్తిగా గూట్లోనే ఉండే పెట్టకు రోజుకు 100 నుంచి 120 గ్రాములు, బయట తిరిగేదానికి అందులో సగం. ఇది గుడ్లు పెట్టేవాటికి మాత్రమే. ఇంత కాల్షియం పిల్లలకు, ఎదిగే పెట్టలకు పెడితే మూత్రపిండాలు చెడతాయి.

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర తాలు కాయలు, మిరప గింజలు చవగ్గా దొరుకుతాయి. కోళ్ళకు వేయవచ్చా? పచ్చసొన ఎర్రగా వస్తుందంటారు, నిజమేనా? (గుంటూరు)

జవాబు: సొన రంగు నిజమే. మిరపలోని ఎర్ర వర్ణకం సొనలోకి దిగుతుంది, గుప్పెడు మంచి మిరపపొట్టుకే తేడా కనిపిస్తుంది. మంట గురించి పైన చెప్పాం. భయపడాల్సింది తాలు కాయతోనే. రంగు పోయి తెల్లబడిన కాయల్లో చాలావాటికి బూజు పట్టి ఉంటుంది. ఆ బూజు విషం, అఫ్లాటాక్సిన్, కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉడకబెట్టినా పోదు. చెమ్మ తగిలిన మొక్కజొన్నకు, వేరుశనగ చెక్కకు కూడా ఇదే మాట. పైగా చేలో కొట్టిన పురుగుమందు అవశేషం ఎంతుందో కాయ చూసి చెప్పలేం. ఇంట్లో దంచుకున్న కారం తాలూకు పొట్టు వేయండి, యార్డు తాలు వద్దు.

ప్రశ్న: ప్రతి ఏడూ ఒక దెబ్బకు కోళ్ళన్నీ పోతున్నాయి. ఆకుపచ్చ, తెల్ల రెట్ట, మెడ వెనక్కి తిప్పుకుని పడిపోవడం. పోయినసారి షాపులో టీకా తెచ్చి నీళ్ళలో కలిపి తాగించాం. అయినా ఆగలేదు. (మంగళగిరి)

జవాబు: మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులు (రాణిఖెత్)వి. వచ్చాక మందు లేదు, ముందు టీకా ఒక్కటే దారి. టీకా వేసినా పోయాయంటే టీకా చచ్చిపోయి ఉండాలి, లేదా తెగులు అప్పటికే గూట్లోకి వచ్చి ఉండాలి.

ఈ తెగులుకు వేసే లసోటా లాంటివి బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకాలు. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. షాపు నుంచి ఇంటికి చొక్కా జేబులో తెస్తే మే నెల ఎండకు దారిలోనే చచ్చిపోతుంది. ఫ్లాస్కులో ఐసు వేసుకుని తీసుకురండి. రెండోది కుళాయి నీళ్ళు. మున్సిపాలిటీ నీళ్ళలోని క్లోరిన్ టీకాను చంపుతుంది. తాగించే పద్ధతే అయితే బావినీళ్ళు గానీ కాచి చల్లార్చిన నీళ్ళు గానీ తీసుకుని, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తర్వాత టీకా కలపండి. పది పదిహేను కోళ్ళున్న ఇంట్లో తాగించడం కంటే కంట్లో చుక్క వేయడమే నయం. ఏది ఎంత తాగిందోనన్న అనుమానం ఉండదు. కలిపిన సీసాను రెండు గంటల్లోపు వాడి, మిగిలింది పారేయాలి. ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వేసేవాళ్ళున్నారు, అది ఉత్త నీళ్ళతో సమానం.

వరస ఇది. పిల్ల పుట్టిన 5 నుంచి 7 రోజుల్లో లసోటా లేదా ఎఫ్ రకం, కంట్లో ఒక చుక్క. నాలుగో వారంలో లసోటా మళ్ళీ. ఆరేడు వారాలకు మశూచి టీకా, రెక్క పొరలో సూదితో గుచ్చి. వారం పది రోజుల తర్వాత అక్కడ చిన్న పొక్కు కనిపిస్తే టీకా పట్టినట్టు, లేకపోతే మళ్ళీ వేయాలి. ఎనిమిదో వారంలో ఆర్‌టుబి (ఇదీ కొక్కెర తెగులు టీకాయే), రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు. ఆర్‌టుబి ఘాటైన టీకా, ఆరు వారాల లోపు పిల్లకు వేస్తే టీకాతోనే జబ్బు చేస్తుంది. దానికి వారం పది రోజుల ముందు నట్టల మందు తాగించండి. నట్టలున్న కోడికి టీకా సరిగా పట్టదు. సీసా ఒకటి వంద కోళ్ళకు వస్తుంది, మీకున్నవి పది. వీధిలో నలుగురు కలిసి ఒకే రోజు వేయించుకోండి, ఖర్చూ తగ్గుతుంది, పక్కింటి కోళ్ళ నుంచి మీకు తెగులు రావడమూ తగ్గుతుంది.

అప్పటికే ఒకటి రెండు మూలుగుతున్న గూట్లో టీకా వేస్తే తెగులు ఇంకా వేగంగా పాకుతుంది. చచ్చినవాటిని కాలువలో వేయకండి. మూడడుగుల గుంటలో సున్నం చల్లి పాతండి. తాజాగా చచ్చినదొకటి ఉంటే, ముందు ఫోన్ చేసి కనుక్కుని, రెండు సంచుల్లో గట్టిగా కట్టి గన్నవరం పశువైద్య కళాశాలకో మీ పశువుల ఆసుపత్రికో పంపితే కోసి చూసి కారణం చెబుతారు. ఊహించి మందులు కొనడం కంటే ఇది చవక. ఒక జాగ్రత్త: ఏ లక్షణమూ లేకుండా ఒకటి రెండు రోజుల్లో వరసపెట్టి చచ్చిపోతే దేన్నీ ముట్టుకోకండి, కోయకండి, ఎక్కడికీ తీసుకెళ్ళకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మొదట కనిపించింది ఇలాంటి చావులే. వెంటనే పశువుల ఆసుపత్రికి గానీ 1962 నంబరుకు గానీ చెప్పండి.

ప్రశ్న: మా పుంజు తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలుపెడుతోంది. అపార్ట్‌మెంట్ వాళ్ళు గొడవ చేస్తున్నారు. పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవు కదా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: పెడతాయి. పిల్లలు కావాలంటేనే పుంజు, ఎనిమిది పది పెట్టలకు ఒకటి. గుడ్డు కోసమైతే అక్కర్లేదు. వెలుగు చూసి పుంజు కూస్తుందనుకుంటాం గానీ, దాని ఒంట్లోనే గడియారం ఉంది, చీకటి గదిలో పెట్టినా వేళకు కూస్తుంది. మెడ చాచకుండా పొట్టి పెట్టెలో పెట్టమనే సలహా వింటారు. గాలాడని పెట్టెలో మన ఎండలకు పుంజు బతకదు. ఊళ్ళో చుట్టాల ఇంటికి పంపించేయండి.

ప్రశ్న: నాటు పెట్ట గుడ్లు తీసేసినా ఖాళీ గంపలోనే కూర్చుంటోంది, దగ్గరికెళ్తే పొడుస్తోంది. గ్రామప్రియలు మాత్రం ఎప్పుడూ పొదగవు. ఏం చేయాలి? (కంకిపాడు)

జవాబు: గ్రామప్రియను గుడ్ల కోసం తయారుచేశారు, అందుకే పొదిగే గుణం పోయింది. నాటు పెట్ట ఏడాదికి అరవై, ఎనభై గుడ్లే పెడుతుంది, ఎందుకంటే మధ్యమధ్య ఇలా కూర్చుంటుంది. పుంజు ఉంటే రెండింటినీ కలిపి వాడుకోండి: గ్రామప్రియ గుడ్లు పదో పన్నెండో నాటు పెట్ట కింద రాత్రిపూట పెట్టండి, 21 రోజులకు పిల్లలు. గుడ్లు వారం దాటినవి కాకూడదు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకే పరిమితం. గది వేడికి పిండం అరకొరగా కదిలి మధ్యలో చచ్చిపోతుంది. తడి ఇసుక పోసిన కుండ మీద మూకుడు పెట్టి అందులో గుడ్లు దాచండి. కూర్చోబెట్టే ముందు పెట్ట రెక్కల కింద పేలు చూడండి. పేలున్న పెట్ట పదో రోజున లేచిపోతుంది.

పిల్లలు వద్దనుకుంటే, కింద జాలీ ఉన్న పంజరంలో, నేలకు అడుగు ఎత్తున, గడ్డి లేకుండా మూడు నాలుగు రోజులు పెట్టండి. మేత, నీళ్ళు మామూలే. పొట్ట కింద గాలి తగిలి వేడి తగ్గితే మనసు మారుతుంది. నీళ్ళలో ముంచడం, రెక్కలో ఈక గుచ్చడం లాంటి పాత పద్ధతులు హింసే తప్ప పనిచేయవు.

ప్రశ్న: సంతలో రెండు పెట్టలు కొని ఉన్న ఆరింటిలో వదిలాం. పాతవి పొడిచి రక్తం తెస్తున్నాయి. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: సంత నుంచి తెచ్చి ఆ రోజే కలపడం పోట్లాట కంటే పెద్ద ప్రమాదం, తెగుళ్ళు వచ్చేది అలాగే. మూడు వారాలు వేరే చోట ఉంచండి, ముందు పాతవాటికి మేత వేసి తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్ళండి. ఆ తర్వాత వారం జాలీ అడ్డం పెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచి, ఒక రాత్రి చీకటి పడ్డాక గూట్లో కర్ర మీద కూర్చోబెట్టండి. మేత గిన్నెలు రెండు, ఒకదాని దగ్గర నుంచి మరొకటి కనపడని చోట. కొద్దిగా పొడుచుకోవడం మామూలే, దేనిది పైచేయో ఆ వరస తేలేదాకా ఒకటి రెండు వారాలు పడుతుంది. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయండి. ఎరుపు చూస్తే కోళ్ళు ఆగవు, చంపేదాకా పొడుస్తాయి. గాయానికి జెన్షన్ వయొలెట్ (ఊదారంగు మందు) గానీ కొబ్బరినూనెలో కలిపిన పసుపు గానీ రాస్తే ఎరుపు కనపడదు. కొత్తవాళ్ళు లేకుండానే పొడుచుకుంటుంటే జాగా చాలడం లేదని అర్థం. గూట్లో కోడికి మూడు చదరపు అడుగులు, బయట పది ఉండాలి.

ప్రశ్న: నెల రోజులుగా కోళ్ళు చీకటి పడినా గూట్లోకి రావడం లేదు. జామచెట్టెక్కి కూర్చుంటున్నాయి. తురాయిలు పాలిపోయాయి. పాము ఏమైనా ఉందేమోనని వెతికాం, లేదు. (తాడేపల్లి)

జవాబు: పాము కాకపోవచ్చు. రాత్రి తొమ్మిది దాటాక టార్చి తీసుకుని, కోళ్ళు కూర్చునే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు, కదిలే ఆవగింజ కంటే చిన్న పురుగులు కనిపిస్తే అదే కారణం. వీటిని షాపుల్లో రెడ్ మైట్స్ అంటారు. పగలు చెక్క సందుల్లో, వెదురు కణుపుల్లో దాక్కుని, రాత్రి కోడి మీదికెక్కి రక్తం తాగుతాయి. పగలు కోడిని ఎంత పరీక్షించినా దొరకవు. కోడి పేలు వేరు, అవి ఒంటి మీదే ఉంటాయి.

అందుకని మందు కోడికి కాదు, గూటికి. ఊకంతా తీసి తగలబెట్టండి. సందుల్లో మరిగే నీళ్ళు పోసి, ఎండాక చిక్కటి సున్నం సందులు మూసుకుపోయేలా కొట్టండి. వెదురు కర్రలు పారేసి, రెండంగుళాల వెడల్పున్న నున్నటి కర్ర ఒకటి, రెండడుగుల ఎత్తున, కోడికి ఎనిమిదంగుళాల చొప్పున బిగించండి. పురుగుల గుడ్లు పగిలి కొత్త పురుగులు వస్తాయి గనుక వారానికి మళ్ళీ ఇదంతా చేయాలి, అవసరమైతే మూడోసారి. ఒక మూల పాత టైరులో పొడి ఇసుక, కట్టెల బూడిద సగం సగం పోసి ఉంచితే అందులో పొర్లి పేల సంగతి కోళ్ళే చూసుకుంటాయి. గూటికి పెర్మెత్రిన్ లాంటిది కొట్టాలనుకుంటే పశువైద్యుణ్ణి అడిగి, కోళ్ళను బయటికి తీసి, ఆరాకే లోపలికి వదలండి. గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అప్పుడే అడగండి. పత్తికి, మిరపకు మిగిలిన మందు మాత్రం గూటి చుట్టుపక్కలకు కూడా రానీయకండి. దాని వాసనకు పురుగు కంటే ముందు కోడే పోతుంది.